రీడ్‌మీలో బ్యాడ్జ్ పచ్చగానే ఉంది, కోడ్ మాత్రం ఇన్‌స్టాల్ కావట్లేదు

ప్రశ్న

సీఎస్‌వీ ఫైళ్లలో తారీఖులు ఒక్కో వరసలో ఒక్కో రకంగా ఉంటే వాటిని సరిచేసే చిన్న పైథాన్ లైబ్రరీ ఒకటి రాశాను. వాడేవాళ్లు పట్టుమని పదిమంది ఉండరు. అయినా రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ పేజీ) పైన ఏడు బ్యాడ్జీలు, అంటే ప్రాజెక్టు స్థితి చెప్పే చిన్న రంగు బొమ్మలు, పెట్టుకున్నాను. దాచడమెందుకు, వేరే ప్రాజెక్టు రీడ్‌మీలోంచి కాపీ కొట్టి పేర్లు మార్చానంతే.

నిన్న ఒకాయన గిట్‌హబ్‌లో ఇష్యూ (ఫిర్యాదు) తెరిచి రెండు ముక్కలు రాశారు: "బిల్డ్ పాసింగ్ అని పెట్టారు. ఇక్కడ ఇన్‌స్టాలే కావట్లేదు." కింద ఎర్రర్ మొత్తం అతికించారు. తల కొట్టేసినట్టయింది.

కోడ్ మారినప్పుడల్లా టెస్టులు తనంతట నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లోకి వెళ్లి చూస్తే నిజమే. పైథాన్ 3.12 మీద కూడా టెస్టులు నడపమని వర్క్‌ఫ్లోలో (ఏం నడపాలో చెప్పే ఫైల్‌లో) కలిపి మూడు వారాలైంది, అప్పటి నుంచీ ఫెయిలవుతూనే ఉన్నాయి. మెయిల్స్ కూడా వచ్చాయి, నేనే తెరవలేదు. మరి బ్యాడ్జ్ ఎందుకు ఎర్రబడలేదు? బ్రౌజర్ మార్చి చూశాను, ఫోన్‌లో చూశాను, అదే పచ్చ. ఎక్కడో దాచి ఉంచిన పాత కాపీ వస్తోందా, అంటే క్యాష్ గొడవా?

పనిలో పని, ఇంకో సందేహం. వెర్షన్ బ్యాడ్జ్‌లో 1.0-బీటా అని రాస్తే 404 (దొరకలేదు) అని వస్తోంది. ఉత్త 1.0 అని రాస్తే బాగానే ఉంది.

జవాబు 1

క్యాష్ సంగతి తర్వాత చూద్దాం. ముందు రీడ్‌మీని ఎడిట్‌లో తెరిచి ఆ బొమ్మ అడ్రస్ చదవండి. షీల్డ్స్ డాట్ ఐఓ (బ్యాడ్జ్ బొమ్మలు గీసిచ్చే సైట్) తర్వాత 'బ్యాడ్జ్' అని, దాని వెనకే 'బిల్డ్-పాసింగ్-బ్రైట్‌గ్రీన్' అని ఉందా? ఉంటే అది స్టాటిక్ బ్యాడ్జ్. ఎడమవైపు మాట, కుడివైపు మాట, రంగు, మూడూ మీరు చేత్తో రాసినవే. మీ టెస్టులున్నాయని కూడా దానికి తెలియదు.

నిజం చెప్పే బ్యాడ్జ్ కావాలంటే యాక్షన్స్ ట్యాబ్‌లో ఆ వర్క్‌ఫ్లో తెరవండి. పక్కన మూడు చుక్కల మెనూలో స్టేటస్ బ్యాడ్జ్ తయారుచేసే ఆప్షన్ ఉంటుంది, బ్రాంచ్ (కోడ్‌లో ఏ శాఖో) ఎంచుకుంటే రీడ్‌మీలో అతికించాల్సిన మార్క్‌డౌన్ అదే ఇస్తుంది. ఆ అడ్రస్‌లో మీ వర్క్‌ఫ్లో ఫైల్ పేరు ఉంటుంది కాబట్టి రేపు ఫైల్ పేరు మారిస్తే ఇక్కడా మార్చాలి. ఇది చాలామంది మర్చిపోతారు. బ్రాంచ్ చెప్పకపోతే డిఫాల్ట్ బ్రాంచ్ సంగతే చూపిస్తుంది. ఆ బ్రాంచ్‌లో ఒక్క రన్ కూడా లేకపోతే మాత్రం ఏ బ్రాంచ్‌లో చివరగా నడిచిందో దాని ఫలితం చూపిస్తుంది.

404 సంగతి: స్టాటిక్ బ్యాడ్జ్‌లో ముక్కలను విడదీసేది ఆ అడ్డగీతే. మీ బీటా ముందున్న గీతను కూడా అలాగే అనుకుంటోంది. రెండు గీతలు పెట్టండి, 1.0--బీటా అని. ఖాళీ కావాలంటే అండర్‌స్కోర్, అండర్‌స్కోరే కనిపించాలంటే రెండు అండర్‌స్కోర్లు.

ప్రశ్న అడిగినవారు

అక్షరాలా అదే ఉందండీ, 'బిల్డ్-పాసింగ్-బ్రైట్‌గ్రీన్'. రెండేళ్లుగా నా రీడ్‌మీలో గోడకు పెయింట్ వేసినట్టు ఉందన్నమాట! మీరు చెప్పినట్టు మార్చగానే ఎర్రగా 'ఫెయిలింగ్' అని వచ్చింది. సిగ్గేసినా, ఇన్నాళ్లకు బ్యాడ్జ్ పనిచేసిందని సంతోషమూ వేసింది.

ఫెయిలవడానికి కారణం కూడా దొరికింది. సెటప్ ఫైల్‌లో డిస్ట్‌యూటిల్స్ అనే పాత ఇన్‌స్టాల్ మాడ్యూల్ వాడాను, పైథాన్ 3.12లో దాన్ని తీసేశారు. మార్చేశాను, టెస్టులు పాసయ్యాయి.

ఇదయ్యాక మిగతావాటి మీద అనుమానమొచ్చి, కోడ్‌లో ఎంత భాగాన్ని టెస్టులు తాకుతున్నాయో చెప్పే కవరేజ్ బ్యాడ్జ్ చూశాను. 92 శాతం అని ఉంది. అదీ చేత్తో రాసిందే, పైగా నా అంకె కూడా కాదు, ఆ పాత ప్రాజెక్టుది! దీన్నెలా నిజం చేయాలి?

జవాబు 2

షీల్డ్స్‌లో ఎండ్‌పాయింట్ బ్యాడ్జ్ అని ఉంది. టెస్టులయ్యాక వర్క్‌ఫ్లో చిన్న జేసన్ (డేటా) ఫైల్ రాయాలి: స్కీమా వెర్షన్ 1, లేబుల్, మెసేజ్, రంగు. అంతే. దాన్ని గిట్‌హబ్‌లో ఫైళ్లు అందరికీ కనిపించేలా పెట్టే గిస్ట్‌లోనో గిట్‌హబ్ పేజెస్‌లోనో పెట్టి, ఆ అడ్రస్ షీల్డ్స్‌కిస్తే అదే చదువుకుని బొమ్మ గీస్తుంది. రంగు కూడా స్క్రిప్టే నిర్ణయించేలా రాయండి, 50 లోపు ఎరుపు, 80 లోపు నారింజ, అలా. మీరు మొదట అడిగిన క్యాష్ ఇక్కడ వస్తుంది: అంకె మారాక బొమ్మ మారడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. కంగారుపడి మళ్లీ మళ్లీ పుష్ చేయకండి.

ఇంకో మాట, ఏడెందుకండీ? 'మేడ్ విత్ పైథాన్' అని బ్యాడ్జ్ పెడితే ఎవరికి లాభం? నా లెక్క ఒక్కటే, మెషీన్ కొలవని దానికి బ్యాడ్జ్ వద్దు. ఉంచినవాటికి ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మకు బదులు చదివే మాట) తప్పకుండా రాయండి. బొమ్మ రాకపోయినా, స్క్రీన్ రీడర్‌తో చదివినా మిగిలేది అదే. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లూ ఉంటారు కాబట్టి రంగుతో సరిపెట్టకుండా మాట కూడా ఉండాలి.

జవాబు 3

రోజూ రాత్రి షెడ్యూల్ మీద టెస్టులు నడిపే ఆలోచన ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. పబ్లిక్ రిపాజిటరీలో (అందరికీ కనిపించే కోడ్ నిల్వలో) 60 రోజులు ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ ఆ షెడ్యూల్‌ను ఆపేస్తుంది. బ్యాడ్జ్ మాత్రం చివరి రన్ ఫలితం దగ్గరే ఆగిపోతుంది. అది పచ్చ అయితే మీకు మళ్లీ పాత కథే.

ప్రశ్న అడిగినవారు

నాలుగు తీసేశాను. బిల్డ్, వెర్షన్, కవరేజ్ మిగిలాయి. బిల్డ్ బ్యాడ్జ్ నొక్కితే యాక్షన్స్ పేజీకి వెళ్లేలా లింక్ ఇచ్చాను. కవరేజ్ అసలు అంకె 61, నారింజ రంగులో వచ్చింది. తారీఖుల్లో రోజు ముందా, నెల ముందా అని తేల్చే ఫంక్షన్‌కు ఒక్క టెస్టూ లేదట. లైబ్రరీలో అసలు పనంతా అదే చేస్తుంది. ఇవాళ దాంతో మొదలుపెడుతున్నాను. ఇష్యూ తెరిచినాయనకు క్షమాపణ చెప్పి కొత్త వెర్షన్ సంగతి రాశాను, ఇన్‌స్టాల్ అయిందని జవాబిచ్చారు.