స్కిడ్ స్టీర్‌కు పనిముట్ల పెట్టె: వెనక తలుపుకు పెట్టించవచ్చా?

జామాయిల్_రైతు: సత్తుపల్లి వైపు జామాయిల్ కోతకు స్కిడ్ స్టీర్ (ముందు చేతులతో దుంగలెత్తే చిన్న లోడర్ బండి) తిప్పుతున్నాను. రెండు చైన్ రంపాలు, విడి గొలుసులు, వాటికి పదును పెట్టే ఆకురాళ్లు, పానాలు అన్నీ గట్టు మీద గోనెసంచిలో ఉంటాయి. గొలుసు మొద్దుబారినప్పుడల్లా మనిషి అర కిలోమీటరు నడవాలి. వెనక తలుపుకు ఇనుప పెట్టె వెల్డింగ్ చేయించి తాళం వేద్దామనుకుంటున్నాను. చేయించినవారు చెప్పండి.

పాత_ఆపరేటర్: వద్దండి. అది ఇంజన్ తలుపు. జామాయిల్ ఎండుటాకులో నూనె ఉంటుంది, వేడి ఇంజన్ దగ్గర పేరుకుంటే చటుక్కున అంటుకుంటుంది. నేను భోజనం ముందు ఒకసారి, దిగేముందు ఒకసారి తలుపు తీసి ఆకు లాగేస్తాను. పెట్టె బరువుకు కీళ్లు వాలితే తలుపు సరిగ్గా పడదు. అప్పుడు ఆకు ఎవరు తీస్తారు?

దుంగల_బండి: దుంగను నేల మీద పెట్టి కోస్తే గొలుసు మొద్దుబారకుండా ఎలా ఉంటుంది? ముందు అది మాన్పించండి.

కొలిమి: కీళ్లు నాకు వదిలేయండి, మందం పెంచి వేస్తాను. క్యాబిన్ చట్రానికి మాత్రం వెల్డింగ్ పెట్టమన్నా పెట్టను, రంధ్రమూ వేయను. బండి బోర్లాపడితే మనిషిని కాపాడేది అదే.

జామాయిల్_రైతు: వెనక బరువు పెరిగితే మంచిదే కదా? దుంగ ఎత్తినప్పుడు ముందుకు తూగదు.

పాత_ఆపరేటర్: దుంగ లేనప్పుడు బరువంతా వెనకే ఉంటుంది. అందుకే ఖాళీ బండిని గట్టు మీదికి వెనక్కి నడిపి ఎక్కిస్తాం. దానికి ఇంకో 40 కిలోలా?

దుంగల_బండి: సుమారు మూడు టన్నుల బండికి 40 కిలోలు లెక్కా? ఎక్కే ఆపరేటరే 90 ఉంటాడు.

పాత_ఆపరేటర్: నేను 62.

కొత్తవాడిని: పక్కన, బండి లేచే చేతుల కింద పెడితే?

పాత_ఆపరేటర్: ఆ సందులో మరిచిపోయిన ఆకురాయి నాకు రెండు ముక్కలై దొరికింది. పెట్టెలో మనిషి చేయి పెట్టి ఉండగా బండి చేతులు దిగితే ఏమవుతుందో ఆలోచించండి.

కొలిమి: ఎక్కడ పెట్టినా రంపాల పెట్రోలు మాత్రం అందులో వద్దు. లీటరుకు 20 మి.లీ. ఆయిల్ కలిపినంత మాత్రాన అది మండకుండా ఉండదు.

జామాయిల్_రైతు: వెనక వద్దు, పక్కన వద్దు. పాత_ఆపరేటర్ గారూ, మీకు అసలు పెట్టె అంటేనే ఇష్టం లేదు. ఒక్క చోటైనా చెప్పారా?

పాత_ఆపరేటర్: చెబుతాను. మీరు మొదట్లోనే తాళం అన్నారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

జామాయిల్_రైతు: ఆపరేటర్ దగ్గరే. ఇంకెవరి దగ్గర?

పాత_ఆపరేటర్: అదీ సంగతి. నేను పనిచేసిన ఒక తోటలో ఇలాగే పెట్టె పెట్టారు. తాళంచెవులు రెండు, ఒకటి నా దగ్గర, ఒకటి మేస్త్రీ దగ్గర. రంపం ఒకటి పోయింది. మేస్త్రీ యజమానికి బావమరిది కాబట్టి నా జీతంలో కోశారు. పండగకు ఇంటికి ఉత్త చేతులతో వెళ్లాను.

జామాయిల్_రైతు: నాకు మూడు రంపాలు పోయాయి. ఎవరిని అడిగినా గట్టు మీద పెట్టామంటారు. గట్టు తినేసిందా? అందుకే తాళం.

పాత_ఆపరేటర్: మరి నడక గురించని ఎందుకు రాశారు?

జామాయిల్_రైతు: నడకా నిజమే.

పాత_ఆపరేటర్: అయితే పెట్టె దుంగల ట్రాలీకి పెట్టించండి. బండితోపాటే తోటలోకి వస్తుంది, ఇంజన్‌కు అడ్డం ఉండదు. తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి. పొద్దున ఆరింటికి వచ్చి తీసి ఇవ్వండి, సాయంత్రం లెక్క చూసి వేసుకోండి.

జామాయిల్_రైతు: ఖమ్మం నుంచి ఆరింటికి నేనెలా వస్తాను?

కొలిమి: ట్రాలీకైతే రేపే వేస్తాను. పెట్టె కొలతలు పంపండి, పెద్ద రంపం బార్ పొడవు చూసి.