సమస్యాపూరణం: “పిచ్చి లేనివాఁడె పిచ్చివాఁడు”

సత్యనారాయణపురం, విజయవాడ (పృచ్ఛకులు, అంటే సమస్య ఇచ్చేవారు): సభ్యులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలదిలో 4వ పాదం; ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. 1, 3 పాదాలలో 3 సూర్యగణాలు, 2 ఇంద్రగణాలు, 2, 4 పాదాలలో 5 సూర్యగణాలు ఉండాలని, నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానమని (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటని) కొత్తవారి కోసం గుర్తు చేస్తున్నాను. ప్రాస నియమం లేదు.

ఈ పాదం నాకు లెనిన్ సెంటరులో దొరికింది. పాత పుస్తకాల దుకాణం ముందు ఒక పెద్దాయన చేతిసంచిని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, అట్ట ఊడిన నిఘంటువును ముక్కు దగ్గర పెట్టుకుని చదువుతూ, పక్కనున్నవాళ్లు తోసుకుంటున్నా కదలకుండా నిలబడ్డారు. దుకాణదారు నాతో “ఆయనకు పుస్తకాల పిచ్చండీ” అని ఎంతో గౌరవంగా అన్నాడు. నిందకూ మెప్పుకూ ఒకే మాట ఎలా సరిపోతున్నదో పద్యంలో చూపించమని నా కోరిక.

బ్రాడీపేట, గుంటూరు:

పాత పుస్తకాల వాసనఁ బీల్చుచు
లెనిను సెంటరందు లీనమగుచు
తిండి మఱచువానిఁ దిట్టుట యేలరా
పిచ్చి లేనివాఁడె పిచ్చివాఁడు

పృచ్ఛకులు: అమ్మా, ధార హాయిగా ఉంది. పెద్దాయనను మీరూ చూసినట్లే రాశారు. ఒక్క సవరణ: ‘అగుచు’ ద్రుతాంతం (చివర నకారం గల పదం) కనుక, మొదటి పాదంలో ‘వాసనఁ బీల్చుచు’ అని పాటించిన సరళాదేశాన్ని (‘పీ’ ‘బీ’గా మారినట్లు పరుషం సరళం కావడాన్ని) ఇక్కడ కూడా పాటించి ‘లీనమగుచుఁ / దిండి మఱచువాని’ అనాలి. త, ద లు ఒకే వర్గానివి కనుక యతికి వచ్చిన ఇబ్బంది లేదు.

బ్రాడీపేట: సవరించుకుంటాను, మాస్టారూ. పాదం మారింది కదా అని ద్రుతాన్ని వదిలేశాను.

భవానీపురం, విజయవాడ:

జీతమెల్లఁ బోసి చెల్లని నాణెముల్
కొనుచునుండువానిఁ గూర్చి నవ్వి
లోకరీతిఁ జూడ లోకులందురు డబ్బు
పిచ్చి లేనివాఁడె పిచ్చివాఁడు

పృచ్ఛకులు: భేష్! సమస్యకు ముందు ‘డబ్బు’ అన్న ఒక్క మాట తగిలించి, పాదం అర్థాన్ని పూర్తిగా తిప్పి, తీర్పును కవి నోటి నుంచి లోకుల నోటికి మార్చారు. చెల్లే డబ్బు పోసి చెల్లని నాణేలు కొనడమన్న చమత్కారం మొదటి పాదంలోనే పండింది. జీ-చె, కొ-గూ యతులు శుద్ధంగా ఉన్నాయి.

భవానీపురం: ధన్యవాదాలు. నిజానికి ‘నాణేల సేకర్త’ అన్న మాటను ఇరికించాలని చాలాసేపు ప్రయత్నించి మానుకున్నాను. తప్పు మాట కాదు గాని, అందులో సేకరణే ఉంది, రాత్రి భూతద్దం పట్టుకుని అరిగిపోయిన రాజముద్రను తడుముకునే ఆరాటం లేదు.

అరండల్‌పేట, గుంటూరు: ఇది నా తొలి ప్రయత్నం, పెద్దలు మన్నించాలి.

కొత్త బొమ్మ రాఁగ గుమ్మముకడ నిల్చి
మొదటి యాట చూచి మురియువాఁడు
తారపేరుఁ దలఁచి తన యిల్లు మఱచును
పిచ్చి లేనివాఁడె పిచ్చివాఁడు

పృచ్ఛకులు: గణాలు, యతులు సరిపోయాయి, నాయనా. తొలి పద్యానికి అదే పెద్ద మాట. అయితే పూరణ అతకలేదు. మూడు పాదాలలో సినిమా అభిమానిని ఇల్లు మరచినవాడని ఎత్తిపొడిచి, నాలుగో పాదంలో హఠాత్తుగా పిచ్చి లేనివాడే పిచ్చివాడంటే, మూడో పాదానికీ నాలుగో పాదానికీ మధ్య వంతెన లేదు. సమస్య సొంత పద్యంలోని వాక్యంలాగే వినిపించాలి.

బ్రాడీపేట: ‘అభిమాని’ అన్న మాట గురించి ఒక సంగతి. సంస్కృతంలో అభిమానమంటే ప్రధానంగా గర్వం, అహంకారం. తెలుగులో అది ఒకవైపు ఆత్మగౌరవమై, మరోవైపు ఇతరుల మీది ప్రేమ అయింది. ‘అభిమానం చంపుకుని చెయ్యి చాచాడు’ అంటాము, ‘మీరంటే నాకు అభిమానం’ అనీ అంటాము. తన తారను ఎవరైనా ఒక మాటంటే వీరాభిమాని మీదికి దూకుతాడంటే, ఆ పాత గర్వం ఇంకా లోపల ఉన్నట్లే కదా!

అరండల్‌పేట: మూడో పాదం మార్చాను: “వానిఁ జూచి మీరు పరిహసింపఁగ నేల”.

పృచ్ఛకులు: ఇప్పుడు అతికింది, వా-ప యతి కూడా చెల్లుతుంది. కాని ‘తిట్టుట యేలరా’ అన్న బ్రాడీపేట వారి దారిలోకే వచ్చారు. మీ గుమ్మమూ మీ మొదటి ఆటా మీవే కనుక వాటి దగ్గర నుంచే ఇంకొక మలుపు వెదకండి.

భవానీపురం: పృచ్ఛకులు కూడా పూరించాలి కదండీ!

పృచ్ఛకులు: తప్పదు.

వ్యసన మనెడి మాట పాపమై యుండదు
చదువునందు నున్న సాధువగును
పెద్దలన్న మాట పృథివిపైఁ జదువుల
పిచ్చి లేనివాఁడె పిచ్చివాఁడు

సప్తవ్యసనాలు విని విని ‘వ్యసనపరుడు’ అనగానే మనకు జూదమూ మద్యమూ తోస్తాయి. కాని భర్తృహరి నీతిశతకంలో మహాత్ముల సహజగుణాలను చెబుతూ ‘వ్యసనం శ్రుతౌ’ అన్నాడు. శాస్త్రం మీది వ్యసనం అక్కడ సుగుణం. ‘లోలుడు’ కూడా అంతే. గానలోలుడంటే పొగడ్త, స్త్రీలోలుడంటే తిట్టు. మాటకు గుణం దాని ముందున్న మాట నుంచి వస్తున్నది, ఇందాకటి ‘డబ్బు’ లాగే.

బ్రాడీపేట: మాస్టారూ, చనువుకు క్షమించాలి. 1, 3 పాదాలలో ‘మాట’, 2, 3 పాదాలలో ‘చదువు’ రెండేసిసార్లు వచ్చాయి. పైగా ‘పృథివిపై’ లేకున్నా అర్థానికి లోటు లేదు.

పృచ్ఛకులు: ‘పృథివిపై’ యతి కోసం పిలిచిన అతిథేనని ఒప్పుకుంటున్నాను. మూడో పాదం మీరే మార్చి ఇవ్వండి, తల్లీ.