ఫార్ములా స్టూడెంట్ టీంలో ముందు సస్పెన్షన్ నాకిచ్చారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆక్స్‌ఫర్డ్ (కొత్త):
అన్నలకు, అక్కలకు నమస్తే. ఇక్కడ అందరిలాగే ఊరి పేరుతోనే రాస్తున్నాను. ఈమధ్యే ఎమ్మెస్‌కి ఇంగ్లండ్ వచ్చాను. ఫార్ములా స్టూడెంట్ అంటే విద్యార్థులే చిన్న రేసు కారు తయారుచేసి పోటీపడటం. మా యూనివర్సిటీ టీంలో ముందు చక్రాల డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనొకటి, కిందొకటి పట్టుకునే రెండు చేతులు) డిజైన్ నాకు అప్పగించారు. సిల్వర్‌స్టోన్ పోటీ జులైలో. రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎంత ఎత్తులో పెట్టాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

కావెంట్రీ:
తమ్ముడూ, అది తర్వాత. ముందు టైరు డేటా సంపాదించు. ఆ టైరు ఎంత క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు) కోరుతుందో తెలిస్తేనే విష్‌బోన్‌ల పొడవు తేలుతుంది. రెండూ సమానంగా, సమాంతరంగా ఉంటే చక్రం లేచినా క్యాంబర్ మారదు గానీ, మలుపులో బాడీ ఎంత ఒరిగితే చక్రమూ అంతే ఒరుగుతుంది. అందుకే పైది పొట్టిగా పెడతారు. మరీ పొట్టి చేస్తే బ్రేకు కొట్టి ముక్కు దిగినప్పుడు టైరు లోపలి అంచు మీదే భారం పడుతుంది. రూల్ గుర్తుంచుకో: చక్రానికి కనీసం 50 మి.మీ. కదలిక, డ్రైవరు కూర్చున్నాక పైకి 25 మి.మీ. ఉండాలి.

మిల్టన్ కీన్స్:
అంతకన్నా ముందు అద్దె ఇల్లు జాగ్రత్త. గ్యారేజీ ఉందని నేనొక ఇల్లు తీసుకుని అందులో విష్‌బోన్‌లకి జిగ్ (వెల్డింగ్‌లో ముక్కలు కదలకుండా పట్టే చట్రం) పెట్టుకున్నాను. ఖాళీ చేసేటప్పుడు ఓనరు నేల మీద ఆయిల్ మరక చూపించి డిపాజిట్ మొత్తం ఆపేశాడు. ఆ మరక నేను దిగకముందే ఉందని ఫోటోలు పంపినా ఉలుకూ పలుకూ లేదు. ఆరా తీస్తే అసలు డిపాజిట్‌ని ప్రభుత్వం ఆమోదించిన రక్షణ స్కీమ్‌లోనే వేయలేదు! 30 రోజుల్లో వేయాలి, లేకపోతే కోర్టు మూడు రెట్ల దాకా ఇప్పించవచ్చు. ఆ సంగతి రాతలో పెట్టాకే డబ్బు కదిలింది. దిగిన రోజే ప్రతి మూలా ఫోటో తీసుకో.

లెస్టర్:
ఆ చట్టం ఇంటి అద్దెకండీ. గ్యారేజీ ఒక్కటే విడిగా తీసుకుంటే వర్తించదు. బాబూ, వెల్డింగ్ యూనివర్సిటీ వర్క్‌షాప్‌లోనే చేయించు. కావెంట్రీ గారు బంప్ స్టీర్ (గతుకులో చక్రం స్టీరింగ్ తిప్పకుండానే తిరగడం) ఊసే ఎత్తలేదు. ముందు నుంచి చూస్తే రెండు విష్‌బోన్‌ల గీతలు ఎక్కడ కలుస్తాయో, టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) గీతా అక్కడికే పోవాలి. ఛాసిస్ అయ్యాక స్టీరింగ్ ర్యాక్‌కి చోటు వెతికితే గతుకు తగిలినప్పుడల్లా చక్రం దానంతటదే తిరుగుతుంది. రోల్ సెంటర్ నేలకి దగ్గరగా ఉంచు, ఎత్తైతే మలుపులో బండి పైకి లేస్తుంది.

కావెంట్రీ:
మరీ కిందికి దించితే ఒరుగు పెరిగి, యాంటీ రోల్ బార్ (ఒరుగుని అడ్డుకునే కడ్డీ) గట్టిది వేయాల్సొస్తుంది కదండీ. ఎత్తు కన్నా, బాడీ ఒరిగినప్పుడు రోల్ సెంటర్ ఎంత జరుగుతుందన్నదే ముఖ్యం. తమ్ముడూ, మీ టీం పాత బండి ఉంటే స్ప్రింగులు విప్పి, చక్రాన్ని 5 మి.మీ. చొప్పున ఎత్తుతూ క్యాంబర్, టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం) రాసుకో. ఆ కాగితం ఇక్కడ పెట్టు, కలిసి చూద్దాం.