కేకలేసే మేనేజరా, అడిగి చేయించే మేనేజరా? షిఫ్ట్ ఇన్‌చార్జ్ అవుతున్నా, చెప్పండి

మోల్డింగ్_తమ్ముడు:
శ్రీసిటీలో కార్లకు ప్లాస్టిక్ పార్టులు చేసే యూనిట్‌లో ఆపరేటర్‌ని. వచ్చే నెల నుంచి నైట్ షిఫ్ట్ ఇన్‌చార్జ్‌గా వేస్తున్నారు. ఇప్పటిదాకా ఇద్దరు మేనేజర్ల కింద చేశాను, ఇద్దరికీ పొంతనే లేదు.

మొదటాయన ఎప్పుడూ మెషిన్ దగ్గరే. ఒకసారి నైలాన్ పార్టుల మీద వెండి చారలు పడి ట్రేలకు ట్రేలు రిజెక్ట్ అయ్యాయి. ఎవడు చేశాడని అడగలేదాయన. చారలెందుకు? మెషిన్‌లో పోసే ప్లాస్టిక్ గింజలకు చెమ్మ పట్టింది. చెమ్మెందుకు? డ్రయ్యర్ సరిగా ఆరబెట్టట్లేదు. అదెందుకు? ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోయింది. చూస్తే ఫిల్టర్ శుభ్రం చేసే పని ఎవరి చెక్‌షీట్‌లోనూ లేదు! ఆ సాయంత్రమే ఎక్కించారు. కాకపోతే చిన్నదానికీ పెద్దదానికీ అందర్నీ అడిగేవాడు, మీటింగ్ తెమిలేది కాదు.

ఇప్పటాయన కేబిన్ దిగడు. గంటగంటకీ వాట్సాప్‌లో కౌంట్ పెట్టాలి. తగ్గితే గ్రూప్‌లోనే అక్షింతలు. ప్రొడక్షన్ పెరిగిన మాట వాస్తవమే. కానీ రిజెక్ట్ పీసులు లెక్కలోకి రాకుండా, వాటిని పొడి చేసే గ్రైండర్‌లోకి పోతున్నాయి. మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారని ఫ్రెండ్స్ అంటున్నారు. నేనెలా ఉండాలి?

బాలానగర్_ఫోర్‌మన్:
తమ్ముడూ, ఆ గ్రైండర్ సంగతి దగ్గరే ఆగు. భయంతో లోపం దాచేస్తే ఎవరూ సరిదిద్దలేరు. టొయోటాలో లోపం కనిపిస్తే తాడు లాగి లైన్ ఆపించే వీలు మామూలు వర్కర్‌కి ఇచ్చింది అందుకే. లాగినవాణ్ణి తిట్టి చూడు, రెండోసారి ఎవడూ లాగడు. అక్కడి ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తాయిచి ఓనో నేల మీద సుద్దతో గుండ్రం గీసి, ఇంజనీర్‌ని అందులో నిలబెట్టి గంటల తరబడి పని గమనించమనేవాడట. మెత్తని మనిషేం కాదాయన, మహా గట్టివాడని పేరు.

ఐసీయూ_సిస్టర్:
పేషెంట్ గుండె ఆగితే నేను ఎవరి అభిప్రాయమూ అడగను. నువ్వు కంప్రెషన్లు, నువ్వు అడ్రినలిన్, నువ్వు టైమ్ రాయి, అంతే. అదే డ్యూటీ చార్ట్ వేసేటప్పుడు అందర్నీ కూర్చోబెడతా. సంక్రాంతి సెలవుల గొడవ వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు. కొత్తగా చేరిన అమ్మాయికి అడుగడుగునా చెప్పాలి. సీనియర్ సిస్టర్‌కి అలా చెబితే మొహం మాడ్చుకుంటుంది, ఆమె తప్పేం లేదు.

ఎంబీఏ_సెకండియర్:
కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 1939లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది, అమెరికాలో పదేళ్ల పిల్లల క్లబ్బుల మీద. హుకుం జారీ చేసే లీడర్ ఉన్నంతసేపూ పని జోరుగా సాగింది, ఆయన గది దాటగానే పడిపోయింది. అందరూ కలిసి నిర్ణయించుకున్న గుంపు మాత్రం లీడర్ లేకున్నా పని ఆపలేదు. పిల్లల మీద చేసింది ఫ్యాక్టరీకి అచ్చుగుద్దినట్టు సరిపోదు గానీ, మీరు టీకి వెళ్లినప్పుడు లైన్ ఎలా ఉందో ఓ కన్నేయండి.

మోల్డింగ్_తమ్ముడు:
థ్యాంక్స్ అన్నా, మేడమ్. గ్రైండర్ పక్కన ఒక బోర్డు పెట్టిస్తా. పేరు అక్కర్లేదు, లోపమేంటి, టైమెంత, అంతే రాయమంటా. మెషిన్ వేడెక్కినా, ఎవరికైనా దెబ్బ తగిలినా మాత్రం నా మాటే ఫైనల్ అని మొదటి రోజే చెప్పేస్తా. గంట కౌంట్ సార్‌కి నేనే పంపుతా. మా వాళ్లను ఆ గ్రూప్‌లోంచి తీసేయమంటే ఒప్పుకుంటాడంటారా?