సర్కారు ఆసుపత్రి మందుల స్టాకు గురించి ఆర్‌టీఐ (సమాచార హక్కు చట్టం) అర్జీ వేస్తే "ఇది సమాచారం కిందికి రాదు" అన్నారు. ఇప్పుడేం చేయాలి?

హిందూపురం కోడలు:

అందరికీ నమస్కారం. మేం బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటాం. మా అత్తమ్మకు కిడ్నీ ఇన్ఫెక్షన్ వస్తే ఊరి నుంచి తీసుకొచ్చి ఇక్కడి ఒక పెద్ద సర్కారు ఆసుపత్రిలో చేర్చాం. ఏ ఆసుపత్రో ఇక్కడ రాయను. వార్డులో నిద్ర మానుకుని చూసుకున్న నర్సమ్మల మీద, పీజీ డాక్టర్ల మీద నాకు ఏ కోపమూ లేదు. ఆమె ఇవాళ ఇంట్లో కూర్చుని తన చేత్తో అన్నం కలుపుకుంటోందంటే వాళ్ల చలవే. నా బాధంతా మందుల దగ్గర.

ఆమెకు మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రాశారు, రోజుకు మూడు సార్లు. పొద్దున రౌండ్స్ అయ్యాక మా చేతికి ఒక చీటీ వచ్చేది. పాత ల్యాబ్ ఫారాన్ని అడ్డంగా చించి వెనకవైపు రాసిన చీటీ. దాని మీద ఆసుపత్రి ముద్ర లేదు, సంతకం లేదు, తేదీ కూడా లేదు. మందు పేరు, పక్కన "3" అన్న అంకె, అంతే. స్టోర్‌లో లేదు, బయట తెచ్చుకోండి అనేవాళ్లు. గేటు ఎదురుగా ఉన్న మెడికల్ షాపులో ఆ చీటీ చూపిస్తే ఒక్క మాటైనా అడగకుండా ఇచ్చేస్తారు.

మా ఆయనకు నెల జీతం వస్తుంది కాబట్టి ఎలాగో కొన్నాం. పక్క మంచం వాళ్లు పావగడ నుంచి వచ్చారు, కూలి చేసుకునేవాళ్లు. వాళ్ల నాన్నకూ అదే ఇంజెక్షన్. ఆ అబ్బాయి భార్య కమ్మలు కుదువ పెట్టి కొన్నాడు. ఆ అమ్మాయి చెవులకు వేపపుల్లలు పెట్టుకుని మంచం పక్కన కూర్చుని ఉండేది. అది చూసి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకో రోజు డ్రెస్సింగ్ ట్రాలీలో ఖాళీ సీసాలు పడి ఉంటే ఒకటి తీసి చూశాను. అదే మందు. లేబుల్ మీద ప్రభుత్వ సరఫరా, అమ్మకానికి కాదు అని ఉంది. అంటే ఎవరికో ఒకరికి లోపలి స్టాకు నుంచి ఇచ్చారనే కదా. మరి మా దాకా, పావగడ వాళ్ల దాకా ఎందుకు రాలేదు?

అందుకే డిశ్చార్జ్ అయ్యాక పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి నమూనా ఎ ఫారంలో ఇంగ్లీషులో ఆర్‌టీఐ పంపాను. మందు ఉండగా మాతో బయట ఎందుకు కొనిపించారు, దీనికి బాధ్యులెవరు, ఏం చర్య తీసుకున్నారు అని అడిగాను. ఆ సంవత్సరం మందుల స్టాకు వివరాలన్నీ, మా అత్తమ్మ కేస్ షీట్ కాపీ కూడా అడిగాను. జవాబు కన్నడలో వచ్చింది. అక్షరాలు మనవాటికి దగ్గరే కాబట్టి చదవగలిగాను. మొదటిది ప్రశ్న రూపంలో ఉంది కాబట్టి సెక్షన్ 2(ఎఫ్) కింద సమాచారం కాదట. స్టాకు వివరాలు మరీ ఎక్కువ, తయారుచేసి ఇవ్వడం కుదరదట. కేస్ షీట్ వ్యక్తిగత సమాచారం కాబట్టి 8(1)(జె) కింద ఇవ్వరట.

అప్పీలుకు వెళ్లాలా, మళ్లీ కొత్తగా వేయాలా? ఇంకో సంగతి. వచ్చే నెల రివ్యూకు అత్తమ్మను మళ్లీ అక్కడికే తీసుకెళ్లాలి. నా పేరు చూసి ఆమెను ఏమైనా ఇబ్బంది పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత ఫైలు:

అమ్మా, నేను కోలారు వైపు వాణ్ణి. కర్ణాటక ప్రభుత్వంలో రికార్డుల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఆర్‌టీఐ జవాబులు తయారుచేసే బల్లకు అవతలి వైపు కూర్చున్నాను కాబట్టి వాళ్లు ఏ మాటకు ఏ సెక్షన్ తగిలిస్తారో తెలుసు.

మీ అర్జీలో రెండు వేర్వేరు విషయాలున్నాయి. వాటిని విడదీయండి. కర్ణాటక నిబంధనల ప్రకారం ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి, మామూలుగా 150 మాటలు దాటకూడదు. ఇంతవరకు ఆ సాకు చెప్పలేదు గానీ, అప్పీల్లో చెప్పొచ్చు.

ముందు కేస్ షీట్ సంగతి. మనిషి తన ఒంటి గురించిన కాగితాలు తానే అడిగితే అది ఇంకొకరి వ్యక్తిగత సమాచారం ఎలా అవుతుంది? మీ అత్తమ్మ సంతకంతో, ఆమె ఆధార్ కాపీతో, మిమ్మల్ని పంపుతున్నట్టు ఒక ఉత్తరం రాయించండి. దాన్ని ఆసుపత్రిలో మెడికల్ రికార్డ్స్ విభాగంలో ఇవ్వండి. దీనికి ఆర్‌టీఐ కూడా అక్కర్లేదు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు ఉంచాలని కూడా అందులోనే ఉంది. ఉత్తరం ఇచ్చినప్పుడు రెండో కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి. అది లేకపోతే రేపు మీరు అడిగినట్టే లేదంటారు.

ఇక స్టాకు. "ఎందుకు", "బాధ్యులెవరు" అన్న మాటలు వద్దు. అవి న్యాయమైన ప్రశ్నలే, మీ స్థానంలో ఎవరున్నా అదే అడుగుతారు. కానీ ఈ చట్టం కింద దొరికేది ఆఫీసులో ఇప్పటికే ఉన్న కాగితం. లేని జవాబును కొత్తగా తయారుచేసి ఇవ్వనక్కర్లేదని 2011లో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉన్నది మాత్రం ఇచ్చి తీరాలి. కాబట్టి ఏ రిజిస్టరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని పేరు పెట్టి అడగండి. రిజిస్టరే మీకు జవాబు చెబుతుంది.

స్టాకు వివరాలు ఎక్కువ కాబట్టి ఇవ్వం అన్నది నిలబడదు. సెక్షన్ 7(9) చెప్పేది, అడిగిన రూపంలో ఇవ్వడం మరీ భారమైతే ఇంకో రూపంలో ఇవ్వొచ్చని. మొత్తానికే ఇవ్వకపోవడానికి అది దారి కాదు. అయితే ఏడాది స్టాకంతా మీకూ అవసరం లేదు. అత్తమ్మ వార్డులో ఉన్న రోజులకు, ఆ ఒక్క మందుకు అడిగితే పది పేజీలు కూడా ఉండవు. పేజీకి రెండు రూపాయలు. సెక్షన్ 2(జె) కింద రిజిస్టరును కళ్లతో చూసే హక్కు కూడా ఉంది. అర్జీలోనే "కాపీలు కావాలి, పరిశీలనకూ అనుమతి కావాలి" అని ఒక వాక్యం పెట్టండి.

అప్పీలా, కొత్త అర్జీయా అన్నారు. కేస్ షీట్ నిరాకరణ మీద మొదటి అప్పీలు (అక్కడి పై అధికారికి) వేయండి, జవాబు చేతికందిన 30 రోజుల్లోపు. కవరు పారేయొద్దు, దాని మీది పోస్టాఫీసు ముద్రే మీకు తేదీ సాక్ష్యం. స్టాకుకు మాత్రం కొత్త అర్జీ మేలు, ఎందుకంటే మీరు అడగబోయేదే మారుతోంది.

మీ భయం నాకు అర్థమైంది. సెక్షన్ 6(2) ప్రకారం ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. స్టాకు రిజిస్టరు అడగడానికి రోగి బంధువై ఉండాల్సిన పని కూడా లేదు, ఈ దేశ పౌరుడైతే చాలు. కొత్త అర్జీలో అత్తమ్మ ఊసే ఎత్తకండి. మీ పేరు వద్దనుకుంటే నేను సంతకం పెట్టి పంపుతాను. మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

వైట్‌ఫీల్డ్ తెలుగోడు:

పెద్దాయన చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుతాను. మీ ఆసుపత్రి ఏ ప్రభుత్వం కిందికి వస్తుందో ముందు చూసుకోండి. నిమ్హాన్స్ (మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి) కేంద్ర సంస్థ, 2012 చట్టంతో జాతీయ ప్రాముఖ్యత హోదా వచ్చింది, దాని రెండో అప్పీలు ఢిల్లీలోని కేంద్ర సమాచార కమిషన్‌కు పోతుంది. విక్టోరియా, బౌరింగ్, జయదేవ, కిద్వాయి లాంటి ఆసుపత్రులు రాష్ట్రానివి. వాటికి రెండో అప్పీలు విధానసౌధ దగ్గర మాహితి సౌధలో ఉండే కర్ణాటక సమాచార కమిషన్‌కు, 90 రోజుల్లోపు.

అన్నట్టు ఇప్పుడు డేటా చట్టం వచ్చింది కదా. ఏది అడిగినా వ్యక్తిగతం అనేస్తారేమో?

పాత ఫైలు:

నాకూ ఆ బెంగ ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 8(1)(జె)ని మార్చేసింది. ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న మాట అంతకుముందు ఆ సెక్షన్‌లోనే ఉండేది, దాన్ని తీసేశారు. ఇది పేదవాడికి జరిగిన నష్టమే అని నా అభిప్రాయం. కాకపోతే సెక్షన్ 8(2)లో ప్రజాప్రయోజనం మాట ఇంకా ఉంది. సెక్షన్ 10 ప్రకారం ఇవ్వకూడని భాగాన్ని చెరిపేసి మిగతాది ఇవ్వాలి. ఇండెంట్ పుస్తకంలో (వార్డు వాళ్లు స్టోర్ నుంచి మందులు కోరుతూ రాసేది) రోగుల పేర్లుంటే నల్ల సిరాతో కొట్టేసి ఇవ్వమని మనమే ముందు రాసేస్తే సరి. ఎవరి జబ్బు ఏమిటో మనకెందుకు? మందు ఎన్ని వచ్చింది, ఎన్ని పోయింది, అంతే కావాలి.

ఇండెంట్ బుక్:

నేను వేరే జిల్లాలో సర్కారు ఆసుపత్రి ఫార్మసిస్టుని. హిందూపురం కోడలు గారూ, మీ కోపంలో న్యాయముంది. కానీ స్టోర్ వాళ్లంతా దొంగలని ఎవరూ అనుకోకూడదని ఇది రాస్తున్నాను.

మందు వచ్చే దారి ఇది. కర్ణాటక స్టేట్ మెడికల్ సప్లైస్ కార్పొరేషన్ గోదాము నుంచి ఆసుపత్రి మెయిన్ స్టోర్‌కు వస్తుంది. అక్కడ స్టాకు రిజిస్టరులో బ్యాచ్ నంబరు, గడువు తేదీతో ఎక్కిస్తాం. వార్డు సిస్టర్ ఇండెంట్ పుస్తకంలో రాసి పంపితే స్టోర్ నుంచి ఇస్తాం. అడిగింది ఒక గడిలో, ఇచ్చింది పక్క గడిలో రాస్తాం. లేకపోతే అక్కడే "నిల్వ లేదు" అని రాస్తాం. కార్పొరేషన్ నుంచి రాకపోతే ఆసుపత్రి నిధులతో స్థానికంగా కొనాలి, దానికీ ఫైలు ఉంటుంది. వార్డుకు చేరాక ఏ సీసా ఏ మంచానికి పోయిందన్నది వార్డు రిజిస్టరులో ఉంటుంది.

నిజంగానే స్టాకు అయిపోయే రోజులుంటాయి. ఐసీయూకి అట్టిపెట్టాలని పది సీసాలు పక్కన పెట్టే రోజులూ ఉంటాయి. మీరు చూసిన ఖాళీ సీసా అలాంటిది కావచ్చు. కాబట్టి స్టాకు రిజిస్టరు, ఇండెంట్ పుస్తకం రెండూ అడగండి. ఒకే తేదీకి రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇండెంట్‌లో "నిల్వ లేదు" అని ఉండి, ఆ రోజు స్టాకు రిజిస్టరులో నిల్వ కనిపిస్తే, అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఉన్నట్టు. రెండింటిలోనూ సున్నా ఉంటే తప్పు స్టోర్‌ది కాదు. స్థానికంగా ఎందుకు కొనలేదన్నది పైవాళ్లు చెప్పాలి. అసలు వార్డు నుంచి ఇండెంటే రాలేదనుకోండి, అది మూడో కథ. చీటీలు నేరుగా మీ చేతికి రావడం చూస్తే నాకు దీని మీదే ఎక్కువ అనుమానం.

హిందూపురం కోడలు:

ముగ్గురికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. పెద్దాయనా, మీరు సంతకం పెడతానన్నారు, ఆ మాటతోనే ధైర్యం వచ్చింది. మా ఆయన తన పేరుతో వేస్తానన్నారు. ఇంగ్లీషులో పంపేది ఇదీ, మీకోసం తెలుగులో రాస్తున్నాను:

"ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మెరోపెనెమ్ 1 గ్రాము ఇంజెక్షన్‌కు సంబంధించి, మెయిన్ స్టోర్ స్టాకు రిజిస్టరు పేజీలు, ఫలానా వార్డు ఇండెంట్ పుస్తకం పేజీలు, కార్పొరేషన్‌కు పంపిన కోరిక పత్రాలు, స్థానిక కొనుగోలు ఆర్డర్లు, బిల్లులు, వీటి ధ్రువీకరించిన కాపీలు ఇవ్వగలరు. రోగుల పేర్లు, వివరాలు ఉంటే తొలగించి ఇవ్వగలరు. పై రిజిస్టర్ల పరిశీలనకు తేదీ, సమయం తెలుపగలరు."

కేస్ షీట్ కోసం అత్తమ్మ ఉత్తరం మీద సంతకం పెట్టింది. పావగడ అబ్బాయికి ఫోన్ చేశాను. బిల్లులన్నీ దాచి ఉంచాడట. అతని పేరు మాత్రం ఎక్కడా రానివ్వను.

ఇండెంట్ బుక్:

బాగుంది. రెండు మార్పులు చేయండి. 1 గ్రాము ఒక్కటే రాస్తే 500 మిల్లీగ్రాముల పేజీ ఇవ్వరు, రిజిస్టరులో ఒక్కో మోతాదుకు ఒక్కో పేజీ ఉంటుంది. రెండూ రాయండి. స్టాకు రిజిస్టరు పక్కన "వార్డు మందుల రిజిస్టరు" కూడా చేర్చండి.

పాత ఫైలు:

ఆ రెండూ చేర్చి పంపండి. స్పీడ్ పోస్ట్ రసీదు, అర్జీ కాపీ ఒకే కవర్లో పెట్టుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత ఇచ్చే కాపీలకు డబ్బు తీసుకోకూడదు, సెక్షన్ 7(6). పరిశీలనకు పిలిస్తే తేదీ ఇక్కడ రాయండి. నేనూ వస్తాను, ఆ రిజిస్టర్లు చదవడం నాకు అలవాటే.