రుచుల ‘జాడ’ వేరా, ‘తీరు’ వేరా?

ఫ్రిస్కో నాన్న:
అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒక వేమన పాదం బుర్ర తినేస్తోంది. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల గుడికెళ్ళినా బిర్యానీకెళ్ళినా ఒకటే మాట, డ్యూక్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కుర్రాడు కూపర్ ఫ్లాగ్. కొత్త కుర్రాళ్ళని ఎన్‌బీఏ జట్లు వంతులవారీగా ఏరుకునే డ్రాఫ్ట్ 2025 జూన్ 25న. ఆ వంతుల లాటరీలో 1.8 శాతం అవకాశమే ఉన్న మా డాలస్ జట్టు మావెరిక్స్‌కి మొదటి పిక్ తగిలింది. మావాడు మాత్రం రట్గర్స్ యూనివర్సిటీ కుర్రాడు ఏస్ బెయిలీ పక్షం. “ఇద్దరూ ఫార్వర్డ్‌లే, ఇద్దరిదీ కాలేజీలో మొదటి ఏడే, బూట్లు విప్పించి కొలిస్తే ఇద్దరూ ఆరడుగుల ఏడున్నర అంగుళాల దగ్గరే, చేతులు చాపితే ఇద్దరూ ఏడడుగులు, ఆటకి ఒకడు 19 పాయింట్లు ఇంకొకడు 17న్నర, మరి తేడా ఏంటి నాన్నా?” అన్నాడు. నా నోట్లోంచి చటుక్కున “ఉప్పు కప్పురంబు ఒక్క పోలికనుండు, చూడ చూడ రుచుల తీరు వేరు” అని వచ్చేసింది. అన్నాక అనుమానం. తీరేనా? ఎక్కడో కుంటుతోంది.

యతిపిచ్చి:
తీరు కాదు మహాప్రభో, జాడ. చూడ, జాడ, రెండో అక్షరం ‘డ’ కలిసింది, అదే ప్రాసయతి. తీరు పెడితే పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన యతీ ఉండదు, ప్రాసయతీ ఉండదు. పైన కూడా “కప్పురంబు నొక్క” అనాలి. మీరన్నట్టు చదివితే గణాలు చెడవు కానీ సంధి పోతుంది. ఇంకో మాట, అక్కడ యతి ఉకారానికీ ఒకారానికీ, నకారానికి కాదు. పోయిన నెల ఒకాయన నాతో దీని మీదే అరగంట పోట్లాడాడు.

చేదబావి:
ఆ ఒకాయన్ని నేనే. ఇంకా ఒప్పుకోలేదు.

ప్రాసయతి సరే, అర్థం సంగతేంటి? జాడ అంటే ఆనవాలు. రుచి ఆనవాలు వేరు అంటే ఏమొచ్చింది? తీరు అంటేనే అన్వయం హాయిగా ఉంది. జనం నోట బతికిన పద్యం, ఏ ఊళ్ళోనో తీరు అని పాడి ఉండరా?

యతిపిచ్చి:
పాడి ఉంటారు, వాళ్ళకి యతి తెలీదు. వేమనకి తెలుసు. ఆయన్ని పల్లెటూరి యోగి అని తీసిపారేసేవాళ్ళకి ఆటవెలదిని అంత అలవోకగా ఇంకెవరు నడిపారో చూపించమనండి. 1829లోనే బ్రౌన్ దొర పనిగట్టుకుని అచ్చు వేయించింది ఊరికే కాదు. జాడకి విధం అన్న అర్థమూ ఉంది, నిఘంటువు తిప్పండి.

ఊరగాయ:
మీరిద్దరూ జాడ వెతుకుతూ చూడని వదిలేశారు. మనం రుచి చూస్తాం, వాసన చూస్తాం, నాడి చూస్తాం. కంటికి ఒకేలా ఉన్నాయని పై పాదంలోనే చెప్పేశాక మళ్ళీ కంటితో చూడటం ఎందుకు? ఇక్కడ చూడ అంటే నాలిక మీద వేసుకోవడం. అందుకే అది పచ్చకర్పూరం అయ్యుండాలి, హారతి కర్పూరం ఎవడు నాకుతాడు?

చేదబావి:
పచ్చకర్పూరం భేష్. కానీ చూడ చూడ అని రెండుసార్లు ఎందుకొచ్చింది? “తినగ తినగ వేము” లాంటిదే ఇదీ. ఒకసారి నాలిక మీద వేసుకుంటే తెలిసేదానికి రెండోసారి దేనికి? పదేపదే గమనించగా గమనించగా అనే.

ఫ్రిస్కో నాన్న:
చేదబావి గారూ, మా ఇంటి తగువుకి మీ అర్థమే పనికొచ్చేలా ఉంది. బెయిలీని కాలేజీవాళ్ళు ఆరడుగుల పది అని రాసుకున్నారు, డ్రాఫ్ట్ ముందు కుర్రాళ్ళని కొలిచే చికాగో కంబైన్‌లో టేపు పెడితే ఏడున్నర దగ్గర ఆగింది. టేపు ఒక్కసారి చూడటం. సీజనంతా చూస్తే పక్కవాడికి బంతి అందించి బుట్టలో వేయించిన అసిస్టులు ఫ్లాగ్‌వి ఆటకి 4.2, బెయిలీవి 1.3. ఫ్రీ త్రోలు ఫ్లాగ్‌కి 84 శాతం, బెయిలీకి 69. ఎవడూ అడ్డురాని చోట చెయ్యి ఎంత నికరంగా ఉందో చూసి, రేపు దూరం నుంచి వేసేవి పడతాయా అని స్కౌట్లు అంచనా కడతారు. బెయిలీ ఎదుటివాళ్ళ చేతుల మీదుగా కష్టమైన షాట్లు వేస్తాడు, పడితే కన్నులపండగే, పక్కవాడికి బంతి ఇవ్వడం మాత్రం తక్కువ. మావాడు దానికి, “చివర్లో హ్యూస్టన్ మీద ఫ్లాగ్ షాట్ కూడా తప్పిందిగా, డ్యూక్‌వాళ్ళు 70-67తో ఇంటికెళ్ళారుగా” అంటాడు.

ఊరగాయ:
తప్పింది కాలేజీల టోర్నమెంటు సెమీఫైనల్లో. రట్గర్స్ అసలు ఆ టోర్నమెంటుకే రాలేదు, డిలన్ హార్పర్ లాంటి మేటి ఆటగాడు కూడా అదే జట్టులో ఉండి! అయినా అందరూ కప్పురమే గొప్ప అనుకుంటున్నారు కానీ అది కరిగిపోయేది. 2013లో ఆంథొనీ బెనెట్‌ని క్లీవ్‌లాండ్ మొదటి పిక్‌గా తీసుకుంది, నాలుగు సీజన్లలో నాలుగు జట్లు మారి కనపడకుండా పోయాడు. ఉప్పంటే డ్రేమండ్ గ్రీన్. 2012లో 35వ పిక్. చిన్న ఫార్వర్డ్‌కి వేగం చాలదు, పెద్ద ఫార్వర్డ్‌కి పొడవు చాలదు, రెంటికీ చెడ్డ రేవడి అన్నారు. చివరికి నాలుగు ఎన్‌బీఏ టైటిళ్ళు.

యతిపిచ్చి:
పుణ్యపురుషులు అని మూడో పాదంలో చెప్పింది దేన్ని పోల్చి? కప్పురాన్నే కదా. మీరు పద్యాన్నే తిరగేస్తున్నారు. పైగా రేవడి కాదు, రేవడు.

ఊరగాయ:
ఏది దేనికి పోలికో ఆయన ఎక్కడన్నా చెప్పాడా? వేరు అన్నాడంతే. రేవడే, మా అమ్మమ్మ ఇకారంతోనే అనేది.

చేదబావి:
ఇప్పుడు మీరు రాసిన ‘రేవడే’లో ఇకారం ఉందో ఉకారం ఉందో ఎవరికి తెలుస్తుంది?

యతిపిచ్చి:
రేవు, రేవడు. మొగవాడు, డుమంతం. ఇకారం ఎక్కడిది?

ఊరగాయ:
అంగడి, గారడి, రేవడి. ఏం, డితో మాటలు లేవా?

యతిపిచ్చి:
అంగడి మనిషా?!

ఫ్రిస్కో నాన్న:
రేవడి సంగతికి వేరే చర్చ పెట్టుకోండి బాబూ. జాడ అనే చెప్పాను మావాడికి. “అయితే నువ్వు మొన్న తప్పు చెప్పావు, కాబట్టి బెయిలీ” అన్నాడు.

చేదబావి:
తీరు తప్పని ఎవరన్నారండీ?