ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ డిగ్రీలోనే చదవొచ్చా?

మాది అనంతపురం, ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ చదువుతానంటే మా నాయన 'చెట్లకు నీళ్లు పోసేదానికి ఇంజనీర్ ఎందుకు?' అంటున్నాడు. ఇంటర్ అయ్యాక నేరుగా ఈ కోర్సు ఉంటుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

> మన దేశంలో ఎక్కువగా ఇది పీజీనే తమ్ముడూ. ముందు 5 ఏళ్ల బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ), దానికి నాటా అనే ప్రవేశ పరీక్ష గానీ జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ గానీ రాయాలి. కడపలో ఆర్కిటెక్చర్ యూనివర్సిటీయే ఉంది, చూడు. ఆ తర్వాత విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో ల్యాండ్‌స్కేప్‌లో ఎంఆర్క్, అంటే పీజీ.

> నేను చేసింది అదే. మొక్కలు అందులో సగం కూడా కాదు, నేల వాలు ఎటుంది, వాన నీళ్లు ఎక్కడికి పోతాయి, ఏ మట్టిలో ఏది బతుకుతుంది, ఇదే ఎక్కువ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన ఊర్లో పచ్చిక పరిచి రోజూ నీళ్లు పెట్టడం డిజైన్ కాదు, దండగ. మీ నాయనను ఒకసారి బుక్కరాయసముద్రం చెరువు దగ్గరికి తీసకపోయి కట్ట, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మరవ చూపించు.

> డ్రాయింగ్ ఇప్పుడే మొదలుపెట్టు. నాటాలో నాకు దెబ్బ పడింది అక్కడే.

> థ్యాంక్స్ అన్నా. ఆదివారం చెరువుకు పోతాం, నాయన వస్తానన్నాడు.